పూడ్చిన నడుము

"ఇంకా వంగదేంటి బావా?"

యంత్రం ఉక్కు దూలాన్ని కిందికి నొక్కుతోంది, పైకి లాగుతోంది. భూకంపం రాకముందే భూకంపం చూపించడం దాని పని. ఇంజనీరు మరదలు కాలుగాలిన పిల్లిలా దాని చుట్టూ తిరుగుతోంది.

"నా షెడ్డులో, నా చేత్తో అతికాను. ఎందుకు వంగుతుంది?" వెల్డరు బావ మీసం దువ్వాడు.

ఫెళ్లుమంది. దూలం వంగలేదు. స్తంభానికి అతికిన చోటే చీలింది.

ఆమె యంత్రం ఆపించి, నిచ్చెనెక్కి దూలాన్ని పైనుంచి తడిమింది. "ఇక్కడ రెండువైపులా కోసి నడుము సన్నం చెయ్యమని కోతవాళ్లకి చెప్పానే?"

"నువ్వా చెప్పింది? ఎవడో తిక్కవెధవ ఎలుక కొరికినట్టు కోశాడనుకున్నా. నీ పరువు పోతుందని పూడ్చేసి, నున్నగా రుద్దాను."

"నేల ఊగితే ఆ నడుమే వంగాలి బావా! అది వంగితేనే అతుకు బతుకుతుంది."

బావ మీసం మీంచి చెయ్యి తీశాడు.

"ఇదొక్కటేగా పూడ్చింది?"

కిటికీ అవతల, కడుతున్న ఆసుపత్రి మీదికి క్రేను బావ షెడ్డు నుంచి వచ్చిన ఇంకో దూలాన్ని ఎత్తుతోంది.

"సొంత మరదలి పనమ్మా..." అన్నాడు బావ. "ఒక్కటి పూడ్చి ఊరుకుంటానా?"