తాళం బొమ్మ

"నువ్వేనా ఆ వ్యాసం రాసింది?"

ముసలి సైంటిస్టు తల ఎత్తేలోపే చెంప ఛెళ్ళుమంది. కళ్ళజోడు ఎగిరి బల్ల కింద పడింది. వచ్చినవాడు అంతటితో ఆగితే కదా! అరలోని గాజు సీసా లాగి నేలకేసి కొట్టాడు. ఘాటైన మందునీళ్ళు గదంతా చిమ్మాయి. పెంకుల మధ్య చచ్చిన పాము ఒకటి జారిపడింది.

"ఇదే జాతి పాము నా చెల్లెల్ని కరిచింది. మందు ఎంత ఎక్కించాలో నీ వ్యాసంలో ఉందన్నాడు డాక్టరు. నెట్లో తెరిస్తే తాళం బొమ్మ, దాని కింద నీ పేరు! వాళ్ళ ఆస్పత్రికి ఆ పత్రిక చందా లేదు, అది లేనిదే తెరుచుకోదు. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి తెప్పించేసరికి... నేను ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చేసరికి, ఒక్కసారి 'అన్నయ్యా' అందిరా. అంతే!"

మళ్ళీ కొట్టాడు. ముసలాయన ముక్కు పగిలి రక్తం కారింది. కింద పడేసి, గుండెల మీద మోకాలు పెట్టి, గాజు పెంకు గొంతుకు ఆనించాడు. అతని మెడలోని ఆఫీసు కార్డు ముసలాయన ముఖం మీద ఊగుతోంది.

"ప్రాణం పోసే సంగతి తాళం వేసి దాచుకుంటావా?"

"నేను దాచలేదు బాబూ! జనం ఊరికే చదవాలంటే రాసినవాడే ఫీజు కట్టాలన్నారు పత్రికవాళ్ళు. నా తాహతుకు మించిన ఫీజు. మాఫీ చెయ్యమని వాళ్ళ ఆఫీసుకు ఫోన్ చేసి కాళ్ళావేళ్ళా పడ్డాను."

"ఎవడు కాదన్నాడు?"

"పేరు చెప్పలేదు. రూలు ఒప్పుకోదన్నాడు. ప్రాణాలు పోతాయయ్యా, వ్యాసం పేరైనా చదవమన్నాను. 'మాకు నంబరు చాలండీ, పేర్లు చదువుతూ కూర్చుంటే ఆఫీసు నడవదు' అన్నాడు. చివర్లో 'ఇంకేమైనా సాయం కావాలా అండీ' అని కూడా అడిగాడు."

గొంతు మీది పెంకు పక్కకు జరిగింది.

"ఇంకొకరితో మాట్లాడకపోయావా?" అన్నాడు అతను.

"అడిగాను బాబూ. మాఫీ ఫోన్లన్నీ ఆ ఒక్కడికే కలుపుతారట."

అతను మోకాలు తీసి లేచాడు. పెంకు ఇంకా పిడికిట్లోనే ఉంది, వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతోంది. ముసలాయన బల్ల కింద కళ్ళజోడు కోసం తడుముకుంటున్నాడు. అది దొరికేలోపే అతను మెడలోని కార్డును చొక్కాలోకి దోపుకున్నాడు.

ఆ ఒక్కడూ అతనే.