అండర్‌స్టాండ్ అంటే...

"అండర్ అంటే కింద, స్టాండ్ అంటే నిలబడటం. కాబట్టి అండర్‌స్టాండ్ అంటే కింద నిలబడటం. అంతేగా మామయ్యగారూ?"

కోడలు గట్టిగానే అడిగింది. కిటికీ దగ్గర వాలుకుర్చీలో ఉన్న మాస్టారు తల తిప్పలేదు. జీవితమంతా ఇంగ్లీషు పాఠాలు చెప్పి, తప్పు వినబడితే సుద్దముక్క విసిరిన మనిషి. ఇప్పుడు మంచినీళ్లు కావాలన్నా పక్కనున్న గంట మోగిస్తారు తప్ప ఇంట్లో ఎవరినీ పేరు పెట్టి పిలవరు. కోడలిదీ మొండిపట్టే. ఈవేళ ఎలాగైనా ఆయన చేత అర్థం చెప్పించాలి.

వంటింటి గుమ్మంలోంచి అత్తగారు చెయ్యూపింది. "ఎందుకే తల్లీ ఆయన్ని కెలకడం? తప్పులు వింటే ఊరుకునే మనిషి కాదు."

"ఊరుకోకపోతే మరీ మంచిది అత్తయ్యా!"

కోడలు ఇంకో కుర్చీ ఆయన దగ్గరికి లాక్కుని కూర్చుంది. "రేపట్నుంచి వీధిలో పిల్లలకి ట్యూషన్ చెబుతున్నా. మాస్టారి కోడల్నని నమ్మి పంపుతున్నారు. పూర్వం గురువుగారి అరుగు కింద చేతులు కట్టుకుని నిలబడితేనే పాఠం అర్థమయ్యేది, ఆ మాట అలా పుట్టిందని చెప్పేస్తా."

మాస్టారి ముఖం కందగడ్డయింది. ఎడమచేత్తో గంట అందుకుని గణగణా మోగించారు. ఇక చాలు, లేచి వెళ్లమని దానర్థం.

ఆమె కదల్లేదు. "మీరు కాదనలేదు కాబట్టి ఇదే ఖాయం. ఎవరైనా అడిగితే మా మామగారే చెప్పారంటాను."

గంట నేలమీద పడి దొర్లింది.

"త...ప్పు!"

అత్తగారి చేతిలో గరిటె జారిపోయింది.

"కింద... కాదు. నడుమ! పాత ఇంగ్లీషులో... అండర్ అంటే... నడుమ కూడా. విషయం నడుమ... నిలబడాలి. మొద్దు!"

ఆయన పెదాలు వణుకుతున్నాయి. ఒక్కో మాటా పళ్లబిగువున వస్తోంది. కోడలి కళ్లనిండా నీళ్లు. ఈ ముక్క ఆమెకు బళ్లో చెప్పింది కూడా ఆయనే. అప్పుడు మాత్రం మొద్దు అనలేదు.

గొడవ విని లోపలిగదిలోంచి కొడుకు వచ్చాడు. "ఏమైంది? అత్తాకోడళ్లిద్దరూ ఎందుకేడుస్తున్నారు?"

"మీ నాన్నగారు నన్ను మొద్దన్నారండీ!" కోడలు వెక్కుతూ చెప్పింది.

కొడుకు గుమ్మంలోనే కూలబడ్డాడు.

పక్షవాతంతో మాట పడిపోయాక మాస్టారు నోరు విప్పడం అదే మొదటిసారి.