తేలు ఇచ్చిన సలహా

“బుర్ర ఇంట్లో పెట్టి వచ్చావా? ఈ ప్రశ్న ఇక్కడ వెయ్యిసార్లు అడిగారు. వెతుక్కోలేవూ?”

ప్రవోతో అనే అతను ఫోన్లో ఆ మాటలు కొట్టి పంపించాడు. కంప్యూటర్లను నడిపే లినక్స్ వాడేవాళ్ల ఆన్‌లైన్ చర్చావేదికలో అతను పెట్టుకున్న పేరు తేలు. ఇరవై ఏళ్లుగా కొత్తవాళ్లను కుట్టి కుట్టి ఆ పేరు నిలబెట్టుకున్నాడు. తిట్టినా సరైన దారే చెబుతాడని అందరూ పడేవారు.

ఇవాళ దొరికింది గెలాతిక్ అనే పేరుతో కొత్తగా చేరిన అమ్మాయి. తూర్పు జావాలో జెంబర్ దగ్గర ఏదో బడిలో టీచరట. అన్నయ్య పాత సామాన్ల సంతలో ల్యాప్‌టాప్ కొనిచ్చాడట. తెరిస్తే నల్ల తెర తప్ప ఏమీ రావడం లేదట. మెమరీ రెండు జీబీలే. సోమవారానికల్లా పిల్లల మార్కులు ఎక్కించాలి, రోజువారీ పనికి తేలికైన లినక్స్ ఏది మంచిదని అడిగింది. ఆ రకాల్లో మింటా, పప్పీనా, లుబుంటూనా?

ఆ ముసలి యంత్రం నెత్తిన మింట్ మోపకు, లుబుంటు ఎక్కించి నోరు మూసుకో అన్నాడు ప్రవోతో. అమ్మాయి ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అలాగే గురువుగారూ అని, పక్కింటివాళ్ల కంప్యూటర్లో పెన్‌డ్రైవ్ తయారు చేసుకోవడానికి వెళ్లింది.

వేదికను చూసుకునే రెత్నో మాత్రం ఊరుకోలేదు. ముందు యంత్రం వివరాల చిట్టా పెట్టించి, ఆ తర్వాతే సలహా చెప్పాలన్నది మీరు పెట్టిన నియమమే కదా అని గుర్తు చేసింది.

“నా నియమం నాకే నేర్పకు. ఈ ఫోన్లో రెండొందల వరసల చిట్టా చదివే ఓపిక నాకు లేదు” అన్నాడు.

ఆ మాట నిజమే. నాలుగు రోజులుగా అతనికి ఫోనే దిక్కు. బన్యువాంగి నుంచి యోగ్యకర్తాకు తిరిగి వస్తుంటే రైల్లో కునుకు పట్టింది. లేచేసరికి సంచి లేదు. అందులోనే అతని ల్యాప్‌టాప్, అందులోనే అతను కూర్చిన, బన్యువాంగి పల్లెల్లో మాట్లాడే ఒసింగ్ భాష నిఘంటువు. పదకొండేళ్ల పని. ఆ మాటలు చెప్పిన ముసలివాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. మళ్లీ మొదలుపెడదామన్నా అడగడానికి మనుషులు లేరు.

నకలు తీసిపెట్టుకోలేదా అంటే, తీశాడు. అదీ ఆ సంచిలోనే ఉంది.

తన ప్రతి జవాబు కిందా అతను పెట్టుకునే వాక్యం ఒకటుంది: ‘నకలు దాచుకోనివాడికి ఏడ్చే హక్కు లేదు.’ ఇక వేదికలో ఏ ముఖం పెట్టుకుని చెప్పుకుంటాడు? తేలుకే తేలు కుట్టింది. కిమ్మనకుండా ఉండిపోయాడు.

రైల్వే పోలీసు ఆనవాళ్లు అడిగాడు. కీబోర్డులో J అక్షరం మీట ఊడిపోతే, తన భార్య సుమర్ని పాత కెబాయా రవిక నుంచి ఎర్ర గుండీ తెంపి ఆ చోట అతికించిందని చెప్పాడు. పోలీసు పకపకా నవ్వి మరీ రాసుకున్నాడు. దొరికితే ఫోన్ చేస్తానన్నాడు. ఆ ఫోన్ ఇంతవరకూ రాలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు ప్రవోతో వేదిక మీద పడ్డాడు.

“ఆ పిల్ల ఏం చేసిందండీ మిమ్మల్ని?” అంది సుమర్ని, వేయించిన సోయా తెంపే ముక్కల పళ్లెం పక్కన పెడుతూ. “నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది.”

“ఊరు మంచిదైతే నా సంచి ఏమైందే?” అన్నాడు.

గంట తర్వాత అమ్మాయి తిరిగి వచ్చింది. లుబుంటు పెన్‌డ్రైవ్ మీద నుంచి చక్కగా నడుస్తోందట. ఇప్పుడు డిస్కులోకి ఎక్కించాలి. ఒక్కటే సందేహం.

“గురువుగారూ, లోపల పాతవాళ్ల ఫైళ్లు చాలా ఉన్నాయి. ఎవరికో కావలసినవేమో అనిపిస్తోంది. వాటిని అలాగే ఉంచి, పక్కన ఎక్కించుకోనా?”

అప్పుడు కూడా రెత్నో అడ్డుపడింది. తొందరేమీ లేదమ్మా, ముందు ఆ ఫైళ్లేమిటో చూడు అని రాసింది. ప్రవోతోకి ఒళ్లు మండిపోయింది. తనను కాదని దీన్ని అడుగుతారా ఇక?

“ధర్మసత్రం నడుపుతున్నావా? తన ఫైళ్లు తాను కాపాడుకోలేని వెధవ వాటిని పోగొట్టుకోవాల్సిందే. వాడి కోసం నీ డిస్కులో చోటెందుకు? ‘మొత్తం తుడిచెయ్’ అన్నది నొక్కు. ఇంకో ప్రశ్న అడిగావంటే నిన్నూ తుడిచేస్తాను.”

అతనికి నాలుగు రోజుల్లో మొదటిసారి కాస్త హాయిగా అనిపించింది. తెంపే ముక్క ఒకటి నోట్లో వేసుకున్నాడు.

అరగంటకి ఫోన్ మోగింది. పోలీసేమోనని గబుక్కున అందుకున్నాడు. కాదు, వేదికలో గెలాతిక్ సందేశం. మీరు చెప్పినట్టే మొత్తం తుడిచి ఎక్కించాను, గాలిలా పరుగెడుతోంది, మీ మేలు ఈ జన్మకు మరిచిపోను గురువుగారూ అని రాసి, కింద ఒక ఫొటో పెట్టింది.

ఫొటోలో లుబుంటు నీలం తెర మిలమిలలాడుతోంది, దాని కింద మీటల వరసలో J ఉండాల్సిన చోట ఎర్ర గుండీ ఉంది.