బండికి ఆనుకున్న మనిషి

వీధిలో వాళ్లంతా అతన్ని వీడియో మెకానిక్ అంటారు.

కుళాయి కారినా, ఫ్యాను మూలిగినా ఫోనులో వీడియో చూసి తనే బాగుచేస్తాడు. ఒక్కోసారి బాగుపడుతుంది కూడా.

ఆ ఆదివారం పాత మినీ వ్యాను వంతు వచ్చింది. గేరు మారినప్పుడల్లా బండి ఎగిరెగిరి పడుతోంది. మర్నాటి నుంచి అందులో స్కూలు పిల్లల్ని తిప్పాలి. ఉద్యోగం పోయాక ఇంటిల్లిపాదీ ఆ బండి మీదే ఆశ పెట్టుకున్నారు.

“మెకానిక్కుని పిలవండి. మీరు దాని కిందకి దూరితే నా ప్రాణం నా దగ్గరుండదు,” అంది భార్య.

“గేరు ఆయిల్ మార్చడం ఎంతసేపే! పైపు విప్పితే పాతది కారిపోతుంది, కొత్తది పోస్తాం. నువ్వెళ్లి వంట చూసుకో.”

ఇంటి ముందు నేల గేటు వైపుకి కాస్త వాలుగా ఉంటుంది. వ్యాను ముందు చక్రాలు రెండూ విప్పి, స్టాండ్ల మీద నిలబెట్టి, కారే ఆయిల్‌కి బేసిన్ పెట్టుకుని కిందకి దూరాడు.

ఆయిల్‌ని చల్లబరిచే పైపు దగ్గర నట్టు మొండికేసింది. స్పానర్ పట్టుకుని బలంగా గుంజాడు. బండంతా ఊగింది.

“ఏవండీ, నాలుగో వీధి ఎటు?” గేటు దగ్గర్నుంచి ఎవరిదో గొంతు.

“కుడి పక్కకి తిరిగితే అదే,” అన్నాడు అటు చూడకుండానే. మళ్లీ గుంజాడు.

ఈసారి రెండు పాత బూట్లు గేటు దాటి లోపలికి వచ్చేశాయి. రెండు పాత బూట్లు గేటు దాటి లోపలికి వచ్చేశాయి.

“బండికి ఆనుకోకండి సార్, గీతలు పడతాయి.”

“క్షమించండి. ఒక్కసారి బయటికొచ్చి దారి చూపిస్తారా?”

“చెప్పాగా, కుడి పక్కకని.”

“కుడి ఎడమలు నాకు కాస్త తికమక. మెల్లగానే రండి, తొందరేం లేదు.”

“మీకు లేదేమో. నాకుంది.”

“పోనీ ఆ గుంజడం ఒక్క నిమిషం ఆపుతారా?”

వీడియో మెకానిక్‌కి ఒళ్లు మండింది. దారినపోయేవాళ్లంతా సలహాలు చెప్పేవాళ్లే!

“ఎవరండీ అది?” వంటింట్లోంచి భార్య కేకేసింది.

“ఎవరో దారి తెలియనాయన. తను పోడు, నన్ను పని చేసుకోనివ్వడు.”

“దాహంగా ఉందండీ. కాసిని నీళ్లు...” ఆ గొంతు వణికింది.

“తలుపు తీసే ఉంది, మా ఆవిణ్ణి అడగండి.”

“నేను కదల్లేనండీ. కళ్లు తిరుగుతున్నాయి. మీరే వచ్చి ఇవ్వాలి. నిదానంగా, దేనికీ తగలకుండా రండి.”

“మంచి జిడ్డు తగిలింది రా బాబూ,” అని గొణుక్కుంటూ పాక్కుంటూ బయటికి వచ్చాడు.

తెల్ల జుట్టాయన. వీపు వ్యాను వెనక తలుపుకి ఆనించి నిలబడి ఉన్నాడు. ఒళ్లంతా చెమట.

“హమ్మయ్య,” అన్నాడు ఆయన.

“హమ్మయ్య ఏంటి, నీళ్లింకా తేందే!” అని విసుక్కుంటూ లోపలికి నడిచాడు.

గ్లాసు నింపుతుండగా ఇల్లదిరేలా చప్పుడైంది.

పరుగెత్తుకొచ్చేసరికి వ్యాను స్టాండ్ల మీంచి పడి, నేలని కరుచుకుని ఉంది. ఆయన పక్కకి తప్పుకుని గేటు పట్టుకుని నిలబడ్డాడు.

“ఏం చేశావయ్యా నా బండిని?”

“ఆపలేకపోయానండీ.”

“అసలు నిన్నెవరు ఆనుకోమన్నారు? పిల్లలు గలవాణ్ణి, నా పొట్ట కొట్టావు కదయ్యా! పో, నా కళ్ల ముందు నిలబడకు!”

ఆయన గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేసుకుంటూ, ఏ తికమకా లేకుండా కుడి పక్కకే వెళ్లాడు.

చప్పుడుకి భార్య బయటికి వచ్చింది. బండి చుట్టూ తిరిగి వెనక ఆగిపోయింది.

“ఏవండీ, ఒకసారి ఇటు రండి.”

వెనక చక్రానికి అడ్డం పెట్టిన రాయి ఎప్పుడో దొర్లిపోయి కాలవలో పడి ఉంది. వ్యాను వెనక తలుపు ఎదురుగా మట్టిలో రెండు మడమలు లోతుగా దిగబడి జారిన గుర్తులు.

“ఊరికే ఆనుకున్నవాళ్ల మడమలు ఇంత లోతుకి దిగవండీ,” అంది.

ఇద్దరూ వంగి చూశారు. బేసిన్ నేలకి అతుక్కుపోయింది. ఇందాకటి దాకా అతని తల దాని పక్కనే ఉంది.

“మరి బండి జారుతోందని చెప్పొచ్చుగా?” అంది భార్య.

“చెప్పుంటే కంగారుగా లేచేవాణ్ణి. తల తగిలినా చాలు, మీద పడేది.” అతను గేటు వైపు తిరిగాడు. “దేవుడిలాంటి మనిషిని పొమ్మన్నానే!”

ఒక మనిషి ప్రాణాన్ని వీపు మీద మోస్తూ, దారి తెలియదనీ దాహమనీ అబద్ధాలాడటం అందరి వల్లా అయ్యే పని కాదు.

ఇద్దరూ చెప్పులైనా లేకుండా నాలుగో వీధికి పరుగెత్తారు. ఎదురైన వాళ్లనల్లా అడిగారు. అక్కడి ఎముకల డాక్టరు క్లినిక్‌లోకి వెళ్లడం చూశామన్నారు ఎవరో.

“తెల్ల జుట్టాయనా? ఇప్పుడే పెద్దాసుపత్రికి పంపించాం,” అంది క్లినిక్‌లో నర్సు.

“ఏమైందమ్మా ఆయనకి?”

“వెన్నుకి ఆపరేషనై పట్టుమని పది రోజులు కాలేదు. బిందెడు నీళ్లు కూడా ఎత్తొద్దన్నాం. ఇవాళ విప్పుదామనుకున్న కుట్లు మొత్తం తెగిపోయి ఉన్నాయి. ఏం మోశారండీ అని డాక్టరుగారు ఎంత అడిగినా, ఏమీ మొయ్యలేదు, దారిలో ఒకాయనతో మాట్లాడుతూ కాసేపు నిలబడ్డానంతే అన్నారు.”