గట్టి నేల దాకా

నాలుగు చక్రాలూ లాగే బండి, నాలుగు చక్రాలతోనూ ఇసుకలో కూరుకుపోయింది.

డాక్టరమ్మ కోపంగా యాక్సిలరేటర్ తొక్కింది. బండి అరిచింది, ఇసుక చిమ్మింది, ఇంకో జానెడు లోపలికి దిగబడింది.

"చాల్లే, నీ బోడి నాలుగు చక్రాలు!" అని బండిని తిట్టి కిందికి దిగింది.

ఆమెకి ఇసుక కొత్తేమీ కాదు. ఒడ్డు పల్లెలన్నిటికీ ఆ బండిలో తిరిగేది ఆమే. టైర్లలో గాలి సగం తీసేసింది. మందుల ట్రేతో చక్రాల ముందు ఇసుక తోడింది. తోడిన కొద్దీ పక్కనుంచి జారి మళ్ళీ నిండుతోంది. కింద గట్టిగా ఏదైనా వేస్తే తప్ప చక్రానికి పట్టు దొరకదు. ఇలాంటప్పుడు వెయ్యడానికని కొన్న ఇనుప రేకులు ఆస్పత్రి షెడ్డులో క్షేమంగా ఉన్నాయి. కంగారులో బండిలో పెట్టుకోవడం మరిచిపోయింది.

ఫోను నిన్న సాయంత్రం వచ్చింది. పల్లెలో ఒక పాపకి గొంతు వాచి ఊపిరాడటం లేదట. చీకట్లో ఇసుక దాటలేను, పొద్దున్నే వస్తానని చెప్పింది. చెప్పిందే గానీ రాత్రంతా ఆమె కంటి మీద కునుకు లేదు.

వెనక నుంచి ఒక మనిషి సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. సైకిలు మీద కొత్త చెక్కలు తాడుతో కట్టి ఉన్నాయి.

డాక్టరమ్మకి ప్రాణం లేచొచ్చింది.

"ఏమయ్యా, ఆ చెక్కలు ఓసారి ఇటివ్వు. చక్రాల కింద వెయ్యాలి."

అతను కదల్లేదు. చెక్కల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఇవి... విరిగిపోతాయేమోనమ్మా."

ఆమెకి ఒళ్ళు మండింది.

"అక్కడ ఓ పసిపిల్ల ఊపిరాడక కొట్టుకుంటుంటే నీకు చెక్కలు ఎక్కువయ్యాయా? విరిగితే కొత్తవి నేనిప్పిస్తాను. మనిషివేనా నువ్వు?"

అతను ఆమె మొహంలోకి చూశాడు. బండి మీదున్న ఆస్పత్రి గుర్తు కేసి చూశాడు.

"మందు తెచ్చారామ్మా?"

"తెచ్చాను. ఆక్సిజన్ సిలిండర్ కూడా తెచ్చాను. ఇక్కడే కూర్చుని నేను పీల్చుకోవాలా?"

"ఆ మందు పడితే పిల్లలు బతుకుతారా?"

"వేళకి పడితే బతుకుతారు. అందుకేగా నా ఏడుపు!"

అతను తాడు విప్పాడు.

చెక్కలు నున్నగా చిత్రిక పట్టి, కొలతకి కోసి ఉన్నాయి. ఏ గూటికో బల్లకో కాబోలు అనుకుంది. అతను ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని, పొట్టివి ముందు చక్రాల కింద, పొడుగువి వెనక చక్రాల కింద తనే దోపాడు.

"నేను మెల్లగా పోనిస్తాను, నువ్వు వెనక నుంచి తొయ్యి. ఒకసారి కదిలిందంటే గట్టి నేల దాకా ఆపకూడదు, ఆపితే మళ్ళీ దిగబడుతుంది. నిన్ను ఎక్కించుకోలేను, ఏమనుకోకు."

"నా కోసం ఆగొద్దమ్మా. నేరుగా పచ్చ తలుపు ఇంటికి వెళ్ళండి."

"ఆ ఇల్లేనా?"

"ఆ ఇంటికే. ముందు అక్కడికే."

బండి మూలిగింది. ఒక చెక్క ఫెళ్ళున విరిగింది. ఆ వెనకే ఇంకోటి. బండి ఒక్క ఊపున పైకి లేచి కదిలింది.

అద్దంలో చూస్తే, అతను వంగి ముక్కలు ఏరుకుంటున్నాడు.

'పిసినారి' అనుకుంది డాక్టరమ్మ. బండి ఆపలేదు.

పచ్చ తలుపు ఇంట్లో ఉన్నది పాప కాదు, బాబు. పెదాలు నీలంగా మారిపోయి ఉన్నాడు. ప్రశ్నలడిగే వ్యవధి లేదు. సూదిమందు వేసింది. ముక్కుకి గొట్టం తగిలించింది. వాణ్ణి ఒళ్ళో నిటారుగా పట్టుకుని, వాడి ఎదురొమ్మునే చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి బాబు దగ్గాడు, ఆ తర్వాత గుక్కపట్టి ఏడ్చాడు. ఆ ఏడుపు విని వాడి నానమ్మ నవ్వేసింది.

"ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదు" అంది డాక్టరమ్మ. "ఇంతకీ ఫోను చేసింది పాప కోసం కదూ?"

నానమ్మ నవ్వు ఆగిపోయింది.

"ఆ పిల్లది ఎదురిల్లు తల్లీ. మావాడికి రాత్రి మొదలైంది, దానికి అంతకు ముందే వచ్చింది. తెల్లారకముందే పోయింది."

నిన్న సాయంత్రమే బయల్దేరి ఉంటే. చీకటికి, ఇసుకకి భయపడకుండా ఉంటే. ఆ ఇరుకు వీధి దాటడానికి ఆమెకి ఇసుక దాటినంత పనైంది.

పాప చాప మీద ఉంది. ఎవరో శ్రద్ధగా తల దువ్వి జడ వేశారు. తల్లి ఆ చిన్న పాదాల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నన్ను క్షమించమ్మా" అంది డాక్టరమ్మ. ఏడ్చేసింది.

తల్లి తలెత్తలేదు.

"వాళ్ళ నాన్న తెల్లారగానే చెక్కలకి వెళ్ళాడు" అంది, ఎవరితోనో అన్నట్టు. "పెట్టె చెయ్యాలి కదా. దీని పొడుగు నేనే కొలిచిచ్చాను. ఇంకా రాలేదు."

డాక్టరమ్మ గుమ్మం వైపు తిరిగింది.

బయట సైకిలు ఆగిన చప్పుడైంది.

విరిగిన చెక్కముక్కల్ని గోడకి ఆనించి, లోపలున్న కూతురి వైపు చూసే ధైర్యం చాలక గుమ్మంలోనే నిలబడిపోయి, అతను డాక్టరమ్మని అడిగాడు: "బాబుకి ఊపిరి ఆడుతోందా అమ్మా?"