పదో నంబరు రేవు

“పోర్ట్ టెన్!” గరిటె పైకెత్తి ఆజ్ఞ ఇచ్చింది యాదిరా.

కెప్టెన్ క్లిమాకో బర్సాయో అరటికాయ ముక్క నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. “పదో నంబరు రేవుకా తల్లీ?”

“నాన్నా!”

వేపుళ్ళ కొట్లో కూర్చున్నవాళ్ళంతా గొల్లున నవ్వారు. బాణలి దగ్గరున్న ఎనెయిదా అత్తయితే కడుపు పట్టుకుంది. యాదిరాకి మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ తప్పు మొదట చేసిందెవరో కోలోన్ రేవులో తెలియనివాళ్ళు లేరు.

ఓడ నడిపే అధికారుల పరీక్ష ఒకప్పుడు స్పానిష్‌లోనే జరిగేది. ఎడమంటే బాబోర్, కుడంటే ఎస్త్రిబోర్, పుట్టినప్పట్నుంచీ వింటున్న మాటలే. సరిగ్గా యాదిరా పరీక్షకి కూర్చున్న ఏడే నిబంధనలు మారాయి. ఆజ్ఞలన్నీ ఇంగ్లీషులోనట, విన్న ఆజ్ఞని విన్నట్టే తిరిగి చెప్పాలట, ఆపైన తెర మీద కదిలే సముద్రంలో ఓడ నడిపి చూపించాలట. పరీక్షాధికారి “పోర్ట్ టెన్” అన్నాడు. చుక్కాని ఎడమకి పది డిగ్రీలు తిప్పమని దానర్థం. పోర్టంటే రేవే అనుకున్న యాదిరా, “పదో నంబరు రేవు ఎక్కడుంది సార్?” అని అడిగింది. హాలంతా నవ్వింది. ఆ సాయంత్రమే పుస్తకాలు అటకెక్కాయి. ఇక జన్మలో పరీక్ష మాటెత్తనని చెప్పి, అత్త కొట్లో అరటికాయలు వేయించడానికి చేరిపోయింది.

అలాంటిది ఈ వేసవిలో క్లిమాకో మొహం వేలాడేసుకుని వచ్చాడు. “మళ్ళీ మార్చారే నిబంధనలు. పాతకాపులు కూడా కొత్త పరీక్ష నెగ్గాలట. లేకపోతే లైసెన్సు పోయినట్టే. ఈ వయసులో ఇంగ్లీషు ముక్కలు నా బుర్రకెక్కడ ఎక్కుతాయి? నువ్వే చెప్పాలి తల్లీ.”

నాన్న దగ్గర ఓడ లాక్కుంటే ప్రాణం లాక్కున్నట్టే. యాదిరా వెంటనే నిచ్చెన వేసి అటకెక్కింది.

అప్పట్నుంచీ కొట్లో బల్లే సముద్రమైంది. ఉప్పు సీసా నాన్న ఓడ, మిరియాల డబ్బా అవతలివాడిది.

“నీ ఎడమ పక్కనుంచి ఇంకో ఓడ అడ్డంగా వస్తోంది. ఏం చేస్తావ్?”

“కార్మెన్ మాతకి దణ్ణం పెడతాను.”

“కాదు! నీ దారిన, నీ వేగాన నువ్వు పోవాలి. తప్పుకోవాల్సింది వాడు. కాకపోతే వాడి మీద ఓ కన్నేసి ఉంచాలి.”

“ఎందుకూ?”

“వాడు కూడా నీలాగే చదువుకుని ఉంటే?”

ఒక్కసారి చెబితే ఆయనకి ఏదీ ఎక్కేది కాదు. ప్రతిదానికీ ఎందుకనేవాడు. ఆ ఎందుకులకి జవాబులు వెతకలేక యాదిరాకి తాతలు దిగొచ్చేవారు. కొన్నాళ్ళకి పుస్తకం తెరవకుండానే చెప్పడం మొదలుపెట్టింది. తిరిగి చెప్పే అలవాటు నాలుకకి అంటుకుపోయింది కూడా. అత్త “మంట తగ్గించవే” అంటే, “మంట తగ్గించు! మంట తగ్గింది!” అని గట్టిగా అప్పజెప్పేది.

“పరీక్ష మా అన్నకి, పిచ్చి దీనికి” అనేది అత్త, వచ్చినవాళ్ళతో.

వైద్య పరీక్ష నాడు క్లిమాకో, “సూదంటే నాకు వణుకే, తోడు రా. ఎలాగూ వస్తున్నావుగా, నువ్వూ కళ్ళు చూపించుకో” అని వెంటబెట్టుకెళ్ళాడు. దరఖాస్తు ఇచ్చేచోట కళ్ళజోడు మరిచానంటూ, చదివే వ్యవధి ఇవ్వకుండా తొందరపెట్టి సంతకాలు కూడా ఆమె చేతే పెట్టించాడు. ముసలితనం ముందే వచ్చేసిందని యాదిరా విసుక్కుంది.

పరీక్ష రోజు అత్త కొట్టు మూసేసింది. పెళపెళలాడేలా ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తెచ్చి యాదిరా మీదికి విసిరింది.

“పరీక్ష నాన్నకి కదత్తా, నాకెందుకీ సింగారం?”

“తోడెళ్ళేవాళ్ళు నూనె మరకలతో వెళ్తారా? నోరు మూసుకుని వేసుకో!”

బస్సులో క్లిమాకో మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. తుఫానులో కూడా ఆయన కంగారుపడడం ఎవరూ చూడలేదు. పాపం, ఎంత భయపడుతున్నాడో అనుకుంది యాదిరా.

“ఆఖరుసారి నాన్నా. పోర్ట్ టెన్!”

“పోర్ట్ టెన్” అన్నాడాయన తడుముకోకుండా. “చుక్కాని ఎడమకి పది డిగ్రీలు.”

యాదిరా ఆనందం పట్టలేక బస్సులోనే ఆయన బుగ్గ మీద ముద్దు పెట్టేసింది. “నెగ్గేస్తావు నాన్నా! ఆ రోజు నాకే ఇంత బాగా వచ్చి ఉంటేనా…”

“ఉంటే?”

“ఆ పరీక్షాధికారికే పాఠం చెప్పి వచ్చేదాన్ని.”

క్లిమాకో కిటికీ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

అదే హాలు, అదే తలుపు. చూడగానే యాదిరా ఓ అడుగు వెనక్కి వేసింది. తనది తోడొచ్చిన పనే కదా అని గుర్తు చేసుకున్నాక గానీ బయట బెంచీ మీద నాన్న పక్కన కూర్చోలేదు. లోపల ఎవరికో ఆజ్ఞలిస్తున్నారు. ఒక్కొక్కటీ వినబడగానే ఆమె పెదవులు వాటంతటవే తిరిగి చెబుతున్నాయి.

తలుపు తెరుచుకుంది. గుమాస్తా తల బయటపెట్టి పిలిచాడు. “బర్సాయో!”

“పిలుస్తున్నారు, లే నాన్నా. భయపడకు, నీకు అన్నీ వచ్చు” అంటూ భుజం తట్టింది యాదిరా.

ఆయన కదల్లేదు. గుమాస్తా ఆయన్ని చూసి ఆశ్చర్యపోయాడు. “కెప్టెన్ గారూ! మీరేంటిలా వచ్చారు? పాత లైసెన్సులవాళ్ళకి ఈ పరీక్ష లేదు కదా!”

క్లిమాకో నింపాదిగా లేచి, కూతురి తెల్లచొక్కా కాలరు సరిచేశాడు.

“అమ్మాయికి తోడొచ్చానయ్యా.”