నత్తకు నోరొచ్చిన రోజు

“నువ్వు నా వెనకాల నిలబడు, చాలు. నోరు విప్పావంటే ఉన్న గదులు కాస్తా ఊడతాయి,” అన్నాడు పండితుడు మెట్లెక్కుతూ.

నత్త బుద్ధిగా తలూపింది.

సముద్రాలు దాటి చదువుకోడానికి వచ్చిన నలుగురిలో ఇక్కడి భాష గడగడా మాట్లాడేది పండితుడొక్కడే. అందుకే కిటికీ పక్క మంచం అతనిది, మొదటి కప్పు టీ అతనిది. వెనకాల వస్తున్న అమ్మాయి ఒక్కో మాటా వెతుక్కుంటూ మాట్లాడుతుంది గనక పేరు నత్త, పని అంట్లు తోమడం. భాష రానివాళ్ళ మాట ఆ ఇంట్లో చెల్లదు మరి!

నిన్న ఎవరో మోటారు కట్టేయడం మరిచిపోయారు. ట్యాంకు పొంగి ఇంటావిడ వంటింటి గోడ తడిసి ముద్దయింది. ఆదివారానికల్లా ఖాళీ చేయమంది. సోమవారం నుంచి పరీక్షలు.

ఇంటావిడ తలుపు తీయగానే పండితుడు అందుకున్నాడు. ఒక్క తప్పు లేదు, ఒక్క తడబాటు లేదు. అచ్చం కోర్టులో వాదిస్తున్నట్టే ఉంది.

“...కాబట్టి అద్దె ఒప్పందం ప్రకారం...”

“ఆ ఒప్పందమేదో నా గోడకి చెప్పుకో!” అంటూ ఆవిడ తలుపు వేయబోయింది.

నత్త ఒక అడుగు ముందుకేసింది. కింది అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ పక్కన కూర్చుని, గుండీలు కుడుతూ నేర్చుకున్న మాటలన్నీ గొంతులోనే ఇరుక్కున్నాయి. ‘తప్పులకి జంకకు. ముందు మనిషిని దగ్గర చేసుకో,’ అనేది ఆవిడ. నాలుక వెనక్కి మడిచి పలకాల్సిన అక్షరాల కోసం అద్దం ముందు నత్త ఎన్ని తంటాలు పడిందో!

“పిన్నీ!”

తలుపు ఆగింది.

“తప్పు... మాదే. గోడ నేను తుడుస్తా. రంగు కూడా... నేనే వేస్తా. పరీక్షలు అయ్యాక పొమ్మంటే... పోతాం. కోపం వద్దు పిన్నీ.”

ఇంటావిడ ఎగాదిగా చూసి ఫక్కున నవ్వింది.

“ఇన్నాళ్ళూ ఈ నోరు ఎక్కడ దాచావే? లోపలికి రా. ఎక్కడికీ పోనక్కర్లేదు గానీ, ఆ లాయరు గారిని బకెట్టు పట్టుకు రమ్మను.”

ఆ సాయంత్రం పండితుడే అంట్లు తోమాడు.

“కిటికీ పక్క మంచం ఇక నీదే,” అన్నాడు చేతులు తుడుచుకుంటూ. “నాకూ అలా మాట్లాడటం నేర్పు.”

నత్త ఛాతీ గర్వంతో పొంగింది. వెంటనే ఇంటికి ఫోన్ చేసింది.

“అమ్మా! ఇవాళ మా అందరి తరఫునా నేనే మాట్లాడాను!”

“నువ్వా! మనింట్లో మన భాషలోనే నోరు విప్పేదానివి కాదు కదే!” అంది తల్లి. “ఏదీ, ఆ భాషలో ఒక్క ముక్క మాట్లాడు. అర్థం కాకపోయినా వింటాను.”

నత్త గొంతు సవరించుకుంది. ఈసారి ఎక్కడా ఆగలేదు.

“నేను తెలుగు మాట్లాడతాను.”